ఆపేసిన కంప్యూటర్‌ని ఆన్ చేసిందెవరు?

షట్‌డౌన్ చేసి పడుకుంటే అర్ధరాత్రి దానంతటదే లేచి కూర్చుంటోందా? కంగారు పడొద్దు. దాన్ని ఎవరు లేపారో కనుక్కునే దారులున్నాయి. వాటిలో చాలావాటికి పైసా ఖర్చు లేదు.

“మదర్‌బోర్డు పోయిందండీ, మార్చాల్సిందే.” కంప్యూటర్ దానంతటదే ఆన్ అవుతోందని రిపేరు షాపుకి మోసుకెళ్తే తరచూ వినిపించే మాట ఇది. ఇంట్లో వినిపించే మాటలు వేరు. రాత్రి రెండింటికి హాల్లో ఫ్యాన్ చప్పుడు మొదలై, ఎవరూ ముట్టుకోని సీపీయూ మీద లైటు వెలిగితే పెద్దవాళ్లకి గుండె ఝల్లుమంటుంది. కాలేజీ పిల్లలు ‘ఎవరో హ్యాక్ చేశారు’ అని తేల్చేస్తారు. భయంలో వెంటనే డబ్బు ఖర్చుపెట్టేస్తాం, లేదా యంత్రాన్ని మూలన పడేస్తాం. అసలు కారణం మాత్రం వెతకం.

కంప్యూటర్ కారణం లేకుండా ఆన్ కాదు. ఎక్కడినుంచో దానికి ఒక ఆదేశం అందుతుంది. అది విండోస్ ఇచ్చింది కావచ్చు, నెట్ కేబుల్‌లోంచి వచ్చింది కావచ్చు, కాస్త కదిలిన మౌస్‌ది కావచ్చు, పోయి తిరిగొచ్చిన కరెంటుది కావచ్చు, లోపలికి దిగబడిపోయిన బటన్‌ది కావచ్చు. ఆ ఆదేశం ఎవరిదో తేలకుండా ఏ భాగాన్నీ మార్చకూడదు.

షట్‌డౌన్ తర్వాత ఏమవుతుంది?

1981లో ఐబీఎం తెచ్చిన పీసీకి పక్కన, వెనకవైపుగా ఎర్రటి పెద్ద స్విచ్చు ఉండేది. అది ఆపితే కరెంటు తెగిపోయేది, అంతే. విండోస్ 95 కాలంలో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లకి ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. షట్‌డౌన్ చేశాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలతో ఇక కంప్యూటర్‌ని ఆపుకోవచ్చని సందేశం వచ్చేది. అప్పుడు మనమే చెయ్యి చాచి స్విచ్చు నొక్కేవాళ్లం. ఆ యంత్రం తనంతట తాను ఆగలేదు, తనంతట తాను లేవనూ లేదు.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించాక ఈ లెక్క మారింది. క్యాబినెట్ ముందుండే బటన్ కరెంటుని తెంచడం మానేసింది. మదర్‌బోర్డుకి ఒక సంకేతం పంపడమే దాని పనైంది. ఆ సంకేతాన్ని అందుకోవాలంటే బోర్డులో కొంత భాగం ఎప్పుడూ మెలకువగా ఉండాలి. అందుకని ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్ లోపల కరెంటుని అందించే డబ్బా) ప్లగ్గులో ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, బోర్డుకి 5 వోల్టుల సరఫరా ఇస్తూనే ఉంటుంది. దీన్ని స్టాండ్‌బై అంటారు. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఊదారంగు తీగ అదే. దాని దగ్గర్లోనే ఆకుపచ్చ తీగ ఒకటుంటుంది. మదర్‌బోర్డు ఆ ఆకుపచ్చ తీగని గ్రౌండుకి కలిపితే ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా పనిలోకి దిగుతుంది, వదిలేస్తే ఆగుతుంది. మనం నొక్కినా, ఇంకెవరు లేపినా చివరికి జరిగేది ఈ ఒక్క పనే.

1996 డిసెంబర్‌లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే నియమావళిని తెచ్చాయి. యంత్రం ఏ దశలో ఎంత మెలకువగా ఉండాలో అందులో రాసుంది. ఎస్3 అంటే మనం స్లీప్ అనేది. ర్యామ్‌కి కరెంటు అందుతూ ఉంటుంది, తక్కినవన్నీ దాదాపు ఆగిపోతాయి. ఎస్4 హైబర్నేట్. ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసుకుని ఆగుతుంది. ఎస్5 మన షట్‌డౌన్. ఇందులోనూ స్టాండ్‌బై కరెంటు ఉంటుందని గుర్తుంచుకోవాలి. అది కూడా పోవాలంటే గోడ మీద స్విచ్చు ఆపాలి. అమెరికాలో మామూలుగా గోడ సాకెట్లకి స్విచ్చులుండవు, మనకి ప్రతి ప్లగ్గు పక్కనా ఒకటుంటుంది. ఈ సమస్య వచ్చినప్పుడు ఆ స్విచ్చు మనకి మంచి ఆయుధం. కారణం దొరికేదాకా రాత్రిళ్లు దాన్ని ఆపేసి నిశ్చింతగా పడుకోవచ్చు. కాకపోతే నెలల తరబడి అలాగే నెట్టుకురావద్దు. స్టాండ్‌బై లేనప్పుడు మదర్‌బోర్డు గడియారాన్ని నడిపే భారమంతా రూపాయి బిళ్లలా ఉండే 3 వోల్టుల సీఆర్2032 బ్యాటరీ మీదే పడుతుంది, అది త్వరగా అయిపోతుంది. అయిపోతే తేదీ, టైము తప్పుతాయి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) మీరు మార్చుకున్న సెట్టింగులు చెరిగిపోవచ్చు.

స్లీప్‌లోంచి లేచిందా, షట్‌డౌన్ నుంచా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. తేల్చుకోకుండా ముందుకెళ్తే చేసిన శ్రమంతా వృథా. యంత్రం లేచినప్పుడు నిన్న రాత్రి తెరిచి ఉంచిన ఫైళ్లు, బ్రౌజర్ ట్యాబులు ఎక్కడివక్కడే ఉంటే అది స్లీప్ నుంచో, హైబర్నేట్ నుంచో లేచినట్టు. కంపెనీ లోగోతో కొత్తగా మొదలై ఏమీ తెరిచి లేకపోతే షట్‌డౌన్ నుంచి లేచినట్టు. మొదటి రకమైతే కారణం ఎక్కువగా విండోస్‌లో దొరుకుతుంది. రెండో రకమైతే బయోస్, బటన్, ఎస్‌ఎంపీఎస్‌ల వైపు చూడాలి.

మధ్యలో ఒక చిక్కుంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఉంది. షట్‌డౌన్ నొక్కితే విండోస్ మీ ప్రోగ్రాములన్నీ మూసేస్తుంది కానీ, తన కెర్నల్‌ని, అంటే తన గుండెకాయ లాంటి భాగాన్ని మాత్రం హైబర్నేట్ చేసి డిస్కులో దాచుకుంటుంది. మర్నాడు త్వరగా లేవడానికి ఈ ఏర్పాటు. మీరు షట్‌డౌన్ అనుకున్నది నిజానికి సగం హైబర్నేట్ అన్నమాట. పరికరాల్ని నడిపే ప్రోగ్రాముల్లో, అంటే డ్రైవర్లలో, కొన్నిటికి ఇది పడదు. పరీక్షించడం తేలిక. కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేస్తే ఆ ఒక్కసారికి యంత్రం పూర్తిగా ఆగుతుంది. అలా ఆపిన రాత్రుల్లో సమస్య రాకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్కు తీసేయండి.

ఆపిన క్షణంలోనే మళ్లీ ఆన్ అయ్యే యంత్రం సంగతి వేరు. అక్కడ లేపినవాళ్లు ఎవరూ లేరు, అసలది ఆగనేలేదు. ఆగే ప్రయత్నంలో ఏదో డ్రైవర్ కూలిపోయింది, కూలితే రీస్టార్ట్ కావాలని విండోస్‌కి ముందే చెప్పి ఉంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్కు తీసేస్తే ఈసారి రీస్టార్ట్ కాకుండా తప్పు వివరం చూపే తెర నిలబడిపోతుంది. కొన్నిసార్లు దాని మీద తప్పు చేసిన డ్రైవర్ పేరే కనిపిస్తుంది.

దాన్నే అడగండి

విండోస్‌లో ఒక చిన్న కమాండ్ ఉంది. తెలిసినవాళ్లు తక్కువ, పనికొచ్చేది మాత్రం ఎంతో. స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇంగ్లిష్‌లో పవర్ అన్న మాటకి సీ, ఎఫ్, జీ అక్షరాలు అతికించి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, లాస్ట్‌వేక్ అని కలిపి రాసి ఎంటర్ నొక్కండి. చివరిసారి స్లీప్ నుంచి లేపింది ఎవరో చెబుతుంది. అది పవర్ బటన్ కావచ్చు, నెట్‌వర్క్ కార్డు కావచ్చు, యూఎస్‌బీ పరికరం కావచ్చు. లాస్ట్‌వేక్ బదులు వేక్‌టైమర్స్ అని రాస్తే ఇకముందు లేపడానికి అలారం పెట్టుకుని కూర్చున్న ప్రోగ్రాముల పేర్లు వస్తాయి. డివైస్‌క్వెరీ అని రాసి, ఖాళీ వదిలి, వేక్, అండర్‌స్కోర్, ఆర్మ్‌డ్ అని కలిపి రాస్తే యంత్రాన్ని లేపే అధికారం ఏయే పరికరాలకి ఉందో మొత్తం జాబితా వస్తుంది. ఈ జాబితా చూసి ఆశ్చర్యపోయేవాళ్లు ఎందరో. మౌస్, కీబోర్డు, నెట్‌వర్క్ కార్డు అందరికీ ఆ అధికారం ఉంటుంది, మనం ఎప్పుడూ ఇవ్వకపోయినా.

పూర్తిగా షట్‌డౌన్ అయి లేచిన యంత్రానికి లాస్ట్‌వేక్ జవాబు చెప్పలేదు. అప్పుడు ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడాలి. అక్కడ ఈవెంట్ ఐడీ 6006 అని ఉంటే పద్ధతిగా ఆగిందని, 6005 అని ఉంటే మళ్లీ మొదలైందని అర్థం. 6008 గానీ, కెర్నల్ పవర్ పేరుతో 41 గానీ ఉంటే అది పద్ధతిగా ఆగలేదు, మధ్యలో కరెంటు తెగింది లేదా కూలిపోయింది. పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో 1 ఉంటే స్లీప్ నుంచి ఏ టైముకి లేచిందో, ఎవరు లేపారో అక్కడే రాసుంటుంది. ఈ టైములని ఒక కాగితం మీద రాసుకోండి. రోజూ ఒకే టైము అయితే అది ఎవరో పెట్టిన అలారం. బయోస్‌లో ఆర్‌టీసీ అలారం (మదర్‌బోర్డు గడియారం మోగించే అలారం) ఆన్‌లో ఉందేమో, టాస్క్ షెడ్యూలర్‌లో కంప్యూటర్‌ని లేపి మరీ పని చేయమన్న టాస్క్ ఉందేమో చూడాలి. యాంటీవైరస్ స్కాన్, బ్యాకప్, విండోస్ అప్‌డేట్లు ఈ పని ఎక్కువగా చేస్తుంటాయి. పవర్ ఆప్షన్స్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, స్లీప్ కింద ‘అలౌ వేక్ టైమర్స్’ని డిజేబుల్ చేస్తే విండోస్‌లోని అలారాలు ఆగుతాయి, బయోస్‌లోని అలారాన్ని అక్కడే ఆపాలి. టైముకి పొంతన లేకపోతే మాత్రం అనుమానం మౌస్, నెట్‌వర్క్, కరెంటు మీదికి మళ్లాలి.

మౌస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆప్టికల్ మౌస్ కింద ఉన్న కన్ను అతి చిన్న కదలికనీ పట్టేస్తుంది. పెద్ద లారీ వెళ్లి బల్ల అదిరినా, నున్నటి గాజు మీద పెట్టినా కదిలాననే అనుకోవచ్చు. రాత్రి దాన్ని పీకేసి చూడండి, లేదా డివైస్ మేనేజర్‌లో మౌస్ మీద డబుల్ క్లిక్ చేసి పవర్ మేనేజ్‌మెంట్‌లో లేపే అధికారం తీసేయండి. స్లీప్ నుంచి లేపడానికి కీబోర్డు ఒక్కటి చాలు.

కేబుల్‌లోంచి వచ్చే పిలుపు

నెట్‌వర్క్ మాత్రం తీరిగ్గా చెప్పుకోవాల్సిన విషయం. పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లుంటాయి. రాత్రిపూట అందరూ ఇళ్లకెళ్లాక వాటిని దూరం నుంచే లేపి, అప్‌డేట్లు ఎక్కించి, మళ్లీ పడుకోబెట్టాలి. ఆ అవసరం కోసం 1990ల మధ్యలో ఏఎండీ, హెచ్‌పీ కలిసి మ్యాజిక్ ప్యాకెట్ అనే పద్ధతి కనిపెట్టాయి. దాని నిర్మాణం చాలా సరళం. ముందు గరిష్ఠ విలువతో నింపిన 6 బైట్లు, తర్వాత ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు చిరునామా వరసగా 16 సార్లు. చిరునామా 6 బైట్లు కాబట్టి మొత్తం 102 బైట్లు. స్టాండ్‌బై కరెంటుతో మెలకువగా ఉన్న నెట్‌వర్క్ కార్డు వచ్చే ప్రతి ప్యాకెట్‌లోనూ తన పేరు 16 సార్లు వినిపిస్తుందా అని చూసుకుంటూ ఉంటుంది. వినిపిస్తే బోర్డుని లేపుతుంది. దీన్నే వేక్ ఆన్ ల్యాన్ అంటారు.

ఆఫీసు కోసం పుట్టిన ఈ సదుపాయం ఇంటి కంప్యూటర్లోనూ ఉంటుంది, చిక్కంతా అక్కడే. కొన్ని కార్డులు మ్యాజిక్ ప్యాకెట్‌కే కాదు, రౌటర్ మామూలుగా ‘ఈ చిరునామా ఎవరిది’ అని వేసే ప్రశ్నలకి కూడా స్లీప్ నుంచి లేచిపోతాయి. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ తెరిస్తే ‘మ్యాజిక్ ప్యాకెట్ వస్తేనే లేపు’ అనే అర్థంలో ఒక టిక్కు ఉంటుంది. అది పెడితే చాలావరకు సద్దుమణుగుతుంది. దూరం నుంచి లేపే అవసరమే లేకపోతే, లేపే అధికారాన్నే తీసేయండి. రియల్‌టెక్ కార్డుల్లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘షట్‌డౌన్ వేక్ ఆన్ ల్యాన్’ అని విడిగా ఇంకొకటి ఉంటుంది, బయోస్‌లో మరొకటి. మూడుచోట్లా చూడాలి. ఇవన్నీ ముట్టుకోకముందు ఒక రాత్రి నెట్ కేబుల్ పీకేసి పడుకోండి. ఆ రాత్రి యంత్రం లేవకపోతే కారణం దొరికినట్టే.

ఇక హ్యాకింగ్ భయం. మ్యాజిక్ ప్యాకెట్ మామూలుగా ఇంటి రౌటర్ దాటి లోపలికి రాదు. అదే ఇంట్లో, అదే రౌటర్‌కి కలిసి ఉన్న మరో పరికరం పంపాలి. ఆగిపోయిన మీ కంప్యూటర్‌ని ఎక్కడో కూర్చున్నవాడు లేపడం అంత తేలిక కాదు. అసలు ప్రమాదం లేచి ఉన్న యంత్రంతోనే. బ్యాంకు వాళ్లమనో, కంప్యూటర్ కంపెనీ వాళ్లమనో ఫోన్ చేసి మీ తెరని దూరం నుంచి చూసే యాప్‌ని ఎక్కించమంటే ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించొద్దు. ఇప్పటికే ఎక్కించి ఉంటే వెంటనే తీసేయండి. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకి కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్ నంబరు అది.

కరెంటు వచ్చింది, కంప్యూటర్ లేచింది

మన పల్లెల్లో, చిన్న పట్టణాల్లో అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది ఇదే. బయోస్‌లో ఒక సెట్టింగు ఉంటుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో, ఏసీ బ్యాక్ అనో, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్ అనో. పోయిన కరెంటు తిరిగొచ్చినప్పుడు కంప్యూటర్ ఏం చేయాలో అది నిర్ణయిస్తుంది. సాధారణంగా మూడు దారులుంటాయి: ఆగే ఉండు, లే, లేదా కరెంటు పోయేముందు ఎలా ఉన్నావో అలాగే ఉండు. ‘లే’ అని ఉంటే మీరు సాయంత్రం చక్కగా షట్‌డౌన్ చేసినా, రాత్రి ఒకసారి కరెంటు పోయి వస్తే చాలు, యంత్రం లేస్తుంది. మీరు నిద్రలో ఉంటారు కాబట్టి కరెంటు పోయిన సంగతి మీకు తెలియదు, కంప్యూటర్ లేచిన సంగతి మాత్రమే తెలుస్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇది ఇంకా తికమక పెడుతుంది. లైన్ నుంచి బ్యాటరీకి మారేటప్పుడు వచ్చే చిన్న తెంపు లైట్లలో కనిపించకపోయినా కంప్యూటర్‌కి తెలిసిపోవచ్చు.

దీన్ని తేల్చడం అన్నిటికంటే సులువు. పగలు ఒకసారి షట్‌డౌన్ చేయండి. గోడ స్విచ్చు ఆపి అర నిమిషం ఆగండి. మళ్లీ వేసి, దేన్నీ ముట్టుకోకుండా నిలబడండి. యంత్రం లేచి విండోస్ దాకా వెళ్తే కారణం ఇదే. ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతే దిగులు పడకండి, కొన్ని బోర్డుల తీరే అంత. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లి ఆ సెట్టింగుని ఆఫ్‌కి మార్చుకోండి. మీసేవ కేంద్రం, సీసీటీవీ రికార్డింగు లాంటి చోట్ల కరెంటు రాగానే లేవడం అవసరమే. అక్కడ మార్చొద్దు, కానీ యూపీఎస్ తప్పకుండా పెట్టండి. వేసవి గాలివానల్లో కరెంటు వస్తూ పోతూ ఉంటే ఈ సెట్టింగున్న యంత్రం ప్రతిసారీ లేవబోయి మధ్యలో ఆగుతుంది. డిస్కు మీద ఫైళ్లు పాడయ్యేది ఇలాంటప్పుడే. ఉరుములు మొదలైతే గోడ స్విచ్చు ఆపడంతో సరిపెట్టుకోకండి, ప్లగ్గు, నెట్ కేబుల్ రెండూ పీకేయండి.

బయోస్‌లో ఉన్నప్పుడే ఈఆర్‌పీ అనే పేరు ఉందేమో చూడండి. ఆఫ్‌లో ఉన్న పరికరం తినే కరెంటుకి యూరోపియన్ యూనియన్ 2010 నుంచి 1 వాట్, 2013 నుంచి అర వాట్ హద్దు పెట్టింది. ఆ హద్దుకి లోబడటానికి పెట్టిన ఈ సెట్టింగుని ఎనేబుల్ చేస్తే షట్‌డౌన్ తర్వాత యూఎస్‌బీకి, నెట్‌వర్క్ కార్డుకి స్టాండ్‌బై అందదు. కరెంటు అందని పరికరం ఎవరినీ లేపలేదు. నా దృష్టిలో ఇంటి డెస్క్‌టాప్‌కి ఇంతకంటే మేలైన మందు లేదు. ఖాళీగా నడిచే డెస్క్‌టాప్ 60 వాట్లు తింటుందనుకుంటే రాత్రికి 8 గంటల చొప్పున నెలకి 14 యూనిట్లకు పైగా అవుతుంది. ఆ డబ్బూ మిగులుతుంది.

ఇక్కడిదాకా వచ్చినా జవాబు దొరక్కపోతే అప్పుడు క్యాబినెట్ మూత తీయాలి. పవర్ బటన్ నుంచి వచ్చే రెండు సన్నటి తీగలు మదర్‌బోర్డు అంచున రెండు పిన్నులకి తగిలించి ఉంటాయి. దుమ్ము, తేమ చేరి బటన్ లోపల ఇరుక్కుపోతే ఎవరో నొక్కినట్టే బోర్డుకి అనిపిస్తుంది. ఆ కనెక్టర్‌ని పీకేసి ఒక రాత్రి వదిలేయండి. లేవకపోతే మార్చాల్సింది ఆ చిన్న స్విచ్చునే. అప్పటిదాకా రీసెట్ బటన్ కనెక్టర్‌ని ఆ పిన్నులకి తగిలించి దాన్నే పవర్ బటన్‌గా వాడుకోవచ్చు. అన్నీ పీకినా లేస్తుంటే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి. మల్టీమీటర్‌తో ఊదారంగు తీగ మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉందో లేదో చూడమని తెలిసిన మెకానిక్‌ని అడగండి. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయేమో కూడా చూడాలి. 2000 తర్వాత మొదటి కొన్నేళ్లలో నాసిరకం కెపాసిటర్లు లెక్కలేనన్ని బోర్డుల్ని పొట్టన పెట్టుకున్నాయి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండే అవకాశం ఉంది.

ల్యాప్‌టాప్ సంగతి ఒక్క మాటలో. కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి పాత తరహా స్లీప్ లేదు. మోడర్న్ స్టాండ్‌బై పేరుతో ఫోన్‌లాగా నెట్‌కి కలిసే పడుకుంటాయి. మూత మూసి బ్యాగులో పెట్టుకుని బస్సెక్కితే, లోపల లేచి వేడెక్కిపోవడం అందుకే. ప్రయాణానికి ముందు హైబర్నేట్ గానీ షట్‌డౌన్ గానీ చేయండి. మూత తెరవగానే ఆన్ అయ్యే మ్యాక్‌బుక్‌లో మాత్రం లోపమేమీ లేదు, 2016 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోల తయారీయే అంత.

షాపుకి వెళ్లక తప్పకపోతే ఖాళీ చేతులతో వెళ్లకండి. లేచిన టైములు రాసుకున్న కాగితం తీసుకెళ్లండి. నెట్ కేబుల్ పీకినప్పుడు, గోడ స్విచ్చు వేసినప్పుడు, బటన్ తీగలు తీసినప్పుడు ఏం జరిగిందో చెప్పండి. మంచి మెకానిక్‌కి సగం పని అక్కడే అయిపోతుంది. అయినా మదర్‌బోర్డే మార్చాలంటే, ముందు మీ కళ్లెదుట మరో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూపించమనండి. దానికి ఒప్పుకోని షాపులో బోర్డు కొనకండి.